ఆ పాప మాట, నా నోట

నాకు ఫోన్‌లో మాట్లాడాలంటే భయం. జీపీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కావాలన్నా అక్క చేతే చేయించేదాన్ని. అలాంటి నేను, ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లల తరఫున మాట్లాడే వాలంటీర్‌గా చేరుతున్నానని చెప్పేసరికి, అక్క చపాతీ పిండి కలపడం ఆపేసి నా వైపు చూసింది.

"నువ్వా? మొన్న స్టాపు దాటిపోతున్నా డ్రైవర్‌ని ఆపమనలేక ఊరి చివరిదాకా పోయొచ్చావు గదే."

"నా తరఫున కాదుగా అక్కా. ఇంకొకళ్ల తరఫున."

"దాన్ని ఏమంటారు, అడ్వకేటా?" హాల్లోంచి బావగారు అడిగారు. "అంటే లాయరేగా. జీతమెంత?"

"లాయర్ కాదు బావగారూ. జీతం లేదు. బస్సు ఛార్జీలిస్తారు."

"ఇంట్లో అంట్లు తోమినా జీతం రాదు. అదైతే నాకు పనికొచ్చేది," అంది అక్క.

ఆ వారం అమ్మ ఫోన్ చేసినప్పుడు అక్క ఈ సంగతి చెప్పింది. అమ్మ మా వీధిలో అందరికీ నేను ఐర్లండ్‌లో లాయరునయ్యానని చెప్పేసింది.

అప్పటికి నా ఎమ్మెస్సీ పూర్తయి చాలాకాలమైంది. నేను చదువులో చేరినప్పుడు కార్క్ చుట్టుపక్కల మందుల కంపెనీలు మనుషుల కోసం వెతుక్కుంటున్నాయని చెప్పుకునేవారు. చదువు ముగించి బయటికొచ్చేసరికి మాంద్యం వచ్చి, ఉన్నవాళ్లనే ఇంటికి పంపుతున్నారు. మా క్లాసులోని ఐరిష్ పిల్లలు ఒక్కొక్కరే ఆస్ట్రేలియాకో కెనడాకో వెళ్లిపోయారు. బావగారు ఆసుపత్రిలో డాక్టరు కాబట్టి మా ఇంటికి లోటు లేదు. కానీ తిని కూర్చోవడం నాకే సిగ్గనిపించి, పొద్దున్నే సిటీ లైబ్రరీకి వెళ్లి సాయంత్రం దాకా చదువుకునేదాన్ని. అక్కడ నాలాంటి వాళ్లు చాలామందే ఉండేవారు. మంచి కోట్లు వేసుకుని, ఆఫీసు బ్యాగు పక్కన పెట్టుకుని, పేపర్ల వెనక కూర్చున్న మగవాళ్లు. అక్కడి నోటీసు బోర్డు మీదే ఆ ప్రకటన చూశాను. మాట్లాడేవాళ్లు కాదు, వినేవాళ్లు కావాలని అందులో రాసుంది.

శిక్షణ కొన్ని సాయంత్రాలు జరిగింది. మాకు నేర్పినావిడ రిటైరైన టీచరు, జుట్టంతా నెరిసిపోయి, స్వెటర్ మోచేతుల దగ్గర చిరిగి ఉండేది. ఆవిడ చెప్పిన పని చాలా చిన్నది. ఇంట్లో ఉండే వీలులేక వేరేవాళ్ల ఇంట్లో పెరుగుతున్న పిల్లల గురించి అప్పుడప్పుడూ ఒక మీటింగ్ పెడతారు. సోషల్ వర్కర్, పెంచుతున్న అమ్మ, కన్నతల్లి, స్కూలు వాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆ పిల్ల ఎక్కడుండాలో, ఎవర్ని ఎప్పుడు కలవాలో తేలుస్తారు. మేం అంతకుముందే వెళ్లి ఆ పిల్లతో కూర్చోవాలి. నీకేం కావాలో చెప్పమనాలి. తను చెప్పింది తన మాటల్లోనే మీటింగ్‌లో చెప్పాలి. అంతే.

"మీ అభిప్రాయం ఎవరూ అడగరు. అడిగినా చెప్పకూడదు," అందావిడ. "ఆ పిల్లకి ఏది మంచిదో చెప్పడానికి బల్ల చుట్టూ అందరూ ఉంటారు. తనకేం కావాలో చెప్పడానికి మీరొక్కరే ఉంటారు. తను చెప్పింది తప్పని మీకనిపించినా సరే."

నాకిది భలే నచ్చింది. సొంత మాటలన్నీ డైరీలో దాచుకునే మనిషిని నేను. ఇక్కడ నా మాటలతో పనే లేదు. ఇంకొకరి మాటను జాగ్రత్తగా మోసుకెళ్లి అప్పజెప్పడమే. ఇది నాకోసమే పుట్టిన పని అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

నాకు అప్పగించిన పాపకి తొమ్మిదేళ్లు. తెలుగువాళ్ల పిల్ల కాబట్టే నన్ను ఎంచుకున్నారు. వాళ్ల నాన్నకి డబ్లిన్‌లో కంప్యూటర్ ఉద్యోగం ఉండేది. అది పోయాక పని వెతుక్కుంటూ గల్ఫ్‌కి వెళ్లాడు. ముందు రోజూ ఫోన్ చేసేవాడు, తర్వాత ఎప్పుడో ఒకసారి, ఆ తర్వాత అసలే లేదు. అద్దె తక్కువని తల్లీకూతుళ్లు కార్క్‌కి మారారు. అక్కడ తల్లికి మనసు బాగాలేకుండా పోయింది. మంచం దిగేది కాదు, దీపం వేసేది కాదు. పాప తనంతట తనే బ్రెడ్డు తిని స్కూలుకి వెళ్లేది. కొన్నాళ్లకి అదీ మానేసింది. ఆసుపత్రిలో చేరేటప్పుడు, తనకి నయమయ్యేదాకా పాపని ఎవరింట్లోనైనా ఉంచడానికి తల్లే ఒప్పుకుంది. మందులతో మెల్లగా కోలుకుంది. ఒక గది అద్దెకి తీసుకుంది, ఒక వృద్ధుల హోమ్ వంటగదిలో పని సంపాదించుకుంది. ప్రతి శనివారం సోషల్ వర్కర్ ఆఫీసులో, వాళ్ల మనిషి ఒకావిడ పక్కన కూర్చుని చూస్తుండగా, పాపని కలుస్తోంది. ఇక తేలాల్సింది ఒక్కటే. వేసవి సెలవులకి పాప తల్లి దగ్గరికి తిరిగి వెళ్తుందా, లేక పెద్దయ్యేదాకా పెంచుతున్న ఇంట్లోనే ఉండిపోతుందా?

ఆ ఇల్లు కార్క్ నుంచి గంట దూరంలో ఒక చిన్న ఊరి అంచున ఉంది. కొత్త కాలనీ. సగం ఇళ్లకి కిటికీ అద్దాల్లేవు, వాకిళ్లలో నడుం ఎత్తు గడ్డి. ఆ ఇళ్లకి ప్లాస్టరింగ్ చేసినవాడే ఆ ఇంటాయన. కట్టించేవాళ్లు చేతులెత్తేయడంతో పని కోసం ఆస్ట్రేలియా వెళ్లాడు. పాపని పెంచుతున్న ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ తలుపు తీసింది. లావుగా, ఎర్రటి బుగ్గలతో, కూర్చోమని చెప్పేలోపే టీ పోసే రకం. వంటింట్లో ఒక అలమర తలుపు తెరిచి గర్వంగా చూపించింది. సోనా మసూరి బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసా.

"ఆవకాయ తనొక్కతే తింటుంది. నేనోసారి నాకి చూశాను. పక్కింటి కుక్కకి కూడా జాలేసింది నా మీద," అంది.

పాప హాల్లో కమోగీ కర్ర, ఇక్కడి ఆడపిల్లలు హాకీలా ఆడే ఆటది, ఒళ్లో పెట్టుకుని, దాని పిడికి టేపు చుడుతోంది. నేను తెలుగులో పలకరిస్తే అచ్చమైన కార్క్ యాసలో ఇంగ్లిష్‌లో జవాబు చెప్పింది. మా మాటలు చివరిదాకా అలాగే నడిచాయి. తన మాటలు డైరీలో తెలుగులోనే రాసుకున్నాను, ఇక్కడా అలాగే రాస్తున్నాను.

"నిన్ను ఆంటీ అనాలా?"

"అక్కా అంటే చాలు."

"ఇండియన్లందరూ ఆంటీలే కదా."

"నాకింకా అంత వయసు రాలేదు."

నన్ను ఎగాదిగా చూసి, "సరే, గ్రాండ్," అంది. బాగానే ఉందనడానికి ఇక్కడ అందరిదీ అదే మాట.

మొదటి రోజు అసలు సంగతి ఏమీ మాట్లాడలేదు. బయల్దేరేటప్పుడు వంటింట్లో ఆ ఇంటావిడ నన్ను ఆపి, వాళ్లమ్మ గురించి ఒకటి చెప్పాలంది. ఆసుపత్రి నుంచి వచ్చాక తల్లి మొదటిసారి ఇక్కడికి వచ్చింది. సోషల్ వర్కర్ వెంట ఉంది. తల్లి అరటిపళ్లు, జాకెట్టు ముక్క తెచ్చి, ఈవిడకి బొట్టు పెట్టి ఇచ్చింది. వెళ్లే ముందు పాప చేయి పట్టుకుని ఈవిడ చేతిలో పెట్టి, పైన తన చేతులు మూసి, కళ్లనీళ్లతో, "ఇక మీదట ఇది మీ బిడ్డే," అంది.

"ఎంతమంది పిల్లల్ని పెంచానో. ఏ తల్లీ నాకు అంత మాట ఇవ్వలేదు," అంటూ ఆవిడ వంటింటి తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది. "నేనేడ్చాను, సోషల్ వర్కర్ కూడా ఏడ్చింది. ఆ అమ్మాయి అప్పుడే ఫైల్లో రాసుకుంది కూడా. తల్లి పాపని ఇక్కడే ఉంచాలనుకుంటోందని."

నాకు చేతిలో టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఇంటర్‌లో నన్ను హాస్టల్లో చేర్చినప్పుడు మా అమ్మ కూడా ఇలాగే నా చేయి వార్డెన్ చేతిలో పెట్టింది. "ఇక మీ బిడ్డేనండీ, కొట్టినా తిట్టినా మీదే భారం," అంది. వార్డెన్ తలూపింది. వచ్చే ఆదివారమే అమ్మ పచ్చడి సీసాతో వచ్చి, నేను చిక్కిపోయానని అదే వార్డెన్‌తో దెబ్బలాడింది. మా వైపు బిడ్డని ఒకరింట్లో వదలాల్సి వస్తే ఏ తల్లైనా అలాగే అంటుంది. బిడ్డని ఇచ్చేయడానికి కాదు, బాగా చూసుకోమని బతిమాలుకోవడానికి. అలా అనకుండా వస్తే పొగరంటారు.

ఆ సోషల్ వర్కర్ ఇప్పుడు ప్రసూతి సెలవులో ఉంది. ఉద్యోగాల్లోకి కొత్త వాళ్లని తీసుకోవడం ప్రభుత్వం ఆపేయడంతో, ఆమె పనంతా ఇంకొకామె నెత్తిన పడింది. ఈ కొత్తామెకి తల్లి గురించి తెలిసింది ఫైల్లో ఉన్నదే.

మీటింగ్ దగ్గరపడ్డాక మళ్లీ వెళ్లాను. ఎండగా ఉంది. పాప నన్ను పక్కనే సగంలో ఆగిన ఇంటి గడప మీదికి తీసుకెళ్లింది. తన ఆఫీసు అదేనంది. మీటింగ్‌లో ఏం చెప్పమంటావని అడిగాను. ఎప్పుడో సిద్ధం చేసి ఉంచుకుంది.

"శనివారాలు అమ్మని చూడ్డానికి నేను వెళ్లను. సెలవులకీ వెళ్లను. అమ్మ నన్ను ఇచ్చేసింది. ఫర్వాలేదు, గ్రాండ్. కానీ ఇచ్చేశాక ప్రతిసారీ టిఫిన్ బాక్స్ తెచ్చి నా వైపు చూస్తూ కూర్చోకూడదు. అది ఫెయిర్ కాదు."

నేను వార్డెన్ కథ చెప్పాను. మన వాళ్లు అలా అనడం మర్యాద అని, ఇంటికొచ్చిన వాళ్లతో ఇది మీ ఇల్లే అనుకోండి అంటామే, అలాంటిదని చెప్పాను. ఓపిగ్గా వింది.

"మా పిన్ని పెళ్లి వీడియో ఉంది," అంది. "నేనూ అమ్మా చాలాసార్లు చూశాం. చివర్లో తాతయ్య పిన్ని చేయి వాళ్లత్తగారి చేతిలో పెడతాడు. అందరూ ఏడుస్తారు. మీ బిడ్డే అంటాడు. ఆ తర్వాత పిన్ని వాళ్లింటికి వెళ్లిపోయింది. మళ్లీ తాతయ్య దగ్గర ఉండలేదు. అమ్మనడిగితే, అప్పగించడమంటే అంతే అంది."

"పెళ్లి వేరు కదమ్మా."

"చేతులు అలాగే పెట్టింది. మాట కూడా అదే."

నేను తనకి మన పద్ధతి తెలియదనుకున్నాను. తనకి తెలుసు. నాకన్నా శ్రద్ధగా చూసింది.

"అమ్మనే ఒకసారి అడగొచ్చుగా?"

"ఏడుస్తుంది. ఏడిస్తే ఆ గదిలో కూర్చునే లేడీ రాసుకుంటుంది. అమ్మకి ఇంకా బాగాలేదంటారు." టేపు చుట్టిన కర్రతో గడ్డిని ఒకసారి కొట్టింది. "నువ్వు చెప్తావా, చెప్పవా?"

"చెప్తాను."

"ఎలా చెప్తావో ఇప్పుడు చెప్పు."

తన మాటలే తిరిగి చెప్పాను. తల అడ్డంగా ఊపింది. "సారీ చెప్తున్నట్టు చెప్తున్నావు. గడ్డం పైకెత్తు. నేను అనేలా అను." మళ్లీ చెప్పాను. మూడోసారికి మెచ్చుకోలుగా కర్రతో నా బూటు తట్టింది.

ఆ సాయంత్రం, ఫోనంటే భయపడే నేను, మా టీచరుగారికి ఫోన్ చేశాను. బిడ్డ చేయి చేతిలో పెట్టడం అంటే ఏమిటో మీటింగ్‌లో నేను చెప్పొచ్చా అని అడిగాను.

"నువ్వు చెప్పేది నిజమే అయుంటుంది. కానీ నువ్వా పాప మనిషివి. తను వద్దన్న చోట నువ్వు అమ్మ తరఫున వాదిస్తే, తనకంటూ ఆ గదిలో ఇంకెవరూ ఉండరు. తల్లి చెప్పుకోవచ్చు. లేదా తల్లికి లాయరు చెప్పొచ్చు."

తల్లికి లాయరు లేడు. ఉచిత లాయరు కోసం క్యూ నెలల తరబడి ఉందని ఆవిడే చెప్పింది. పోనీ సోషల్ వర్కర్‌కి మీరైనా చెప్పండన్నాను. ప్రయత్నిస్తానంది. నిజంగానే ప్రయత్నించింది. ఆ కొత్తామె వింది, మంచి మనసుతోనే వింది, మీటింగ్‌లో తల్లిని సూటిగా అడుగుతానని మాటిచ్చింది.

మీటింగ్ ఊళ్లోని హెల్త్ సెంటర్‌లో, టీకాల గదిలో జరిగింది. గోడల మీద నవ్వుతున్న దంతాల బొమ్మలు. పాప రానంది, స్కూల్లోనే ఉండిపోయింది. పెంచుతున్న ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. తల్లి చివరగా వచ్చింది. సన్నటి మనిషి, సల్వార్ మీద ఇస్త్రీ చేసిన కోటు, ఒళ్లో స్టీలు టిఫిన్ బాక్స్. నన్ను చూడగానే ఆమె మొహం విచ్చుకుంది. వచ్చి నా పక్కనే కూర్చుని, "మనోళ్ల పిల్లవా? మంచిగైంది బిడ్డా," అంది మెల్లగా. తనవైపు మనిషి దొరికిందనుకుంది.

స్కూలు రిపోర్టు చదివారు. అంతా బాగుంది. తర్వాత సోషల్ వర్కర్ నా వైపు తిరిగి, పాప ఏం చెప్పమంది అని అడిగింది.

గడ్డం పైకెత్తాను. పాప చెప్పినట్టే, ఇంగ్లిష్‌లో, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట వదలకుండా చెప్పాను. టిఫిన్ బాక్స్ మాట కూడా. నా పక్కన ఆమె ఒళ్లో అది ఉంది.

అప్పుడు సోషల్ వర్కర్, అన్న మాట ప్రకారమే, తల్లిని సూటిగా అడిగింది. "ఆ రోజు మీరు పాప చేయి ఈవిడ చేతిలో పెట్టారు. పాప ఇక్కడే ఉండాలనా మీ ఉద్దేశం? లేక వేరే ఏమైనా అర్థముందా?"

ఇంతకన్నా తేలికైన ప్రశ్న ఎవరూ అడగలేరు. కాదు, నా బిడ్డ నాకు కావాలి అంటే చాలు. తల్లి బల్లకి అటువైపు కూర్చున్న ఆవిడని చూసింది. ఆవిడ బుగ్గలు ఇంకా ఎర్రబడ్డాయి, ఊపిరి బిగబట్టినట్టుంది.

తల్లి నవ్వింది. చక్కటి ఇంగ్లిష్‌లో, నెమ్మదిగా, "ఈమె నాకన్నా బాగా చూసుకుంటోంది. పాపకి ఎలా ఇష్టమైతే అలాగే చేయండి," అంది.

అది కూడా రాసుకున్నారు. పాప ఆ ఇంట్లోనే ఉంటుందని, శనివారాలు ప్రస్తుతానికి ఆపుదామని, స్కూళ్లు తెరిచాక మళ్లీ చూద్దామని తేల్చారు. పెంచుతున్నావిడ వెక్కివెక్కి ఏడ్చింది. తల్లే లేచి వెళ్లి ఆవిడ భుజం తట్టింది.

కార్క్ వెళ్లే బస్సు కోసం ఆమె, నేను ఒకే షెల్టర్లో నిలబడ్డాం. సన్నగా తుంపర పడుతోంది. ఆమె నాతో మాట్లాడదనుకున్నాను. బెంచీ తుడిచి, కూసో బిడ్డా అంది. మీటింగ్ అయిపోయింది కాబట్టి ఇక అడగొచ్చనిపించింది.

"ఎందుకలా అన్నారండీ? సోషల్ వర్కర్ సూటిగా అడిగింది కదా. కాదనొచ్చు కదా."

"ఎట్లంట చెప్పు. ఆమె నా బిడ్డకు అన్నం పెడ్తున్నది. ఆమె మొఖం మీద, నేను ఉత్తగనే అన్న, నా బిడ్డను నాకియ్యి అంటే ఆమెకెట్లుంటది? నలుగురి ముందట ఆమె ఇజ్జత్ తీసినట్టు గాదా?" టిఫిన్ బాక్స్ మూత సరిచేసింది. "గది మాట వరసకంటరని అందరికెరుకే అనుకున్న. పొల్లకు గూడ ఎరుకే అనుకున్న."

"పాపకి నేను చెప్పాను. నమ్మలేదు."

"నమ్మది. మొండిది. వాళ్ల నాయిన లెక్క." కొంచెంసేపు రోడ్డు వైపు చూసింది. "నువ్వు ఆడ చెప్తుంటే నాకు నీ మాట ఇనరాలే బిడ్డా. దాని గొంతే ఇన్న. గదువ లేపి గట్లనే అంటది. కోపమొస్తే గట్లనే అంటుండె చిన్నప్పుడు. ఆ గదిల నాతోని ఎన్నడు గట్ల మాట్లాడది. ఊకె గ్రాండ్ అమ్మా, గ్రాండ్ అంటది. మొక్కుబడిగ."

నేను బస్సు వచ్చే మలుపు వైపు చూశాను.

"ఇంకొక్కపారి చెప్తవా?" అంది.

"ఏది?"

"అది చెప్పమన్నదే. ఎట్లన్నదో గట్లనే."

వద్దండీ అన్నాను. ఆమె బతిమాలలేదు. బాక్స్ ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, వినడానికి సిద్ధంగా కూర్చుంది. నేను గడ్డం పైకెత్తి మొదలుపెట్టాను. శనివారాలు అమ్మని చూడ్డానికి నేను వెళ్లను. సెలవులకీ వెళ్లను. ఆమె కళ్లు మూసుకుని, ప్రతి మాటకీ తల ఊపుతోంది. అమ్మ నన్ను ఇచ్చేసింది అనే చోటికి వచ్చేసరికి మలుపులో బస్సు లైట్లు కనబడ్డాయి. ఇక్కడ చేయి చాపకపోతే బస్సు ఆగదు. నా గొంతు ఆగిపోయింది గానీ, చేయి లేవలేదు. బస్సు మా బూట్ల మీద నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లిపోయింది.

ఆమె కళ్లు తెరవలేదు.

"పోనీ బిడ్డా," అంది. "నువ్వు చెప్పు."